గోలీ మానేసి పట్టే రోజా

"బీపీ గోలీ ఖాయే తో రోజా టూట్‌తా క్యా?" ప్రతి షాబాన్ నెలలో మన మొహల్లాల్లో వినిపించే సవాల్ ఇది. పగటిపూట మింగితే టూట్‌తా, అందులో షక్ లేదు. చిక్కల్లా ఏమిటంటే, సవాల్ అక్కడే ఆగిపోతుంది. ఆ గోలీ ఏది, ఒంట్లో ఏం పని చేస్తుంది, దాన్ని సెహ్రీకో ఇఫ్తార్‌కో జరపొచ్చా, మీ గుండె హాలత్‌కి అసలు రోజా ఫర్జేనా అని అడిగేవాళ్లు కనపడరు. అడగకుండా చెప్పేవాళ్లు అసలే కనపడరు. దాంతో నెల రోజులూ గోలీల డబ్బా అల్మారా పై అరలో ఉండిపోతుంది. ఈద్ చాంద్ కనబడ్డాక దుమ్ము దులిపి దించుతారు, దించే హాలత్‌లో ఉంటే.

2024లో రంజాన్ మార్చి 12న మొదలైంది, 2025లో మార్చి 2న. చాంద్ లెక్క ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఈ ఏళ్లలో రంజాన్ సరిగ్గా మన మిర్చి సీజన్‌లో పడుతోంది. అమరావతి నుంచి సత్తెనపల్లి దాకా, అటు చిలకలూరిపేట దాటి దర్శి దాకా కల్లాల్లో కాయ ఆరుతూ ఉండే రోజులు. గుంటూరు యార్డులో టిక్కీలు మోసే హమాలీల్లో, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమెలు తీసే ఆడవాళ్లలో మన కౌమ్ వాళ్లు ఎంతమంది ఉన్నారో జొహర్ వేళకు అక్కడ నిలబడితే తెలుస్తుంది. (పత్తితో మన దూదేకుల నూర్‌బాషాలకున్న రిష్తా గురించి ఇంకోసారి రాస్తాను, అది వేరే కహానీ.) ఫజర్ నుంచి మగ్రిబ్ దాకా గుటక నీళ్లు లేకుండా ఆ ఘాటులో, ఎండలో, బరువు కింద పని. వీళ్లందరూ తందురుస్తీగా ఉన్నవాళ్లేం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా వాళ్లు బీపీ గోలీలు వాడుతున్నారు. నలుగురైదుగురిలో ఒకరన్న మాట. సఫ్‌లో నిలబడినప్పుడు కుడివైపూ ఎడమవైపూ లెక్కపెట్టుకోండి.

బీపీ గోలీలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం మనకు అలవాటు. నేను ఇక్కడ ముఖ్యంగా ఒకదాని గురించి మాట్లాడతాను. దాని పేరు స్పైరనోలాక్టోన్. అల్డాక్టోన్ అనే పేరుతో వస్తుంది. నీరు తీసే మందుతో కలిపి లాసిలాక్టోన్, డైటార్ ప్లస్ లాంటి పేర్లతోనూ వస్తుంది. గుండె బలహీనపడినవాళ్లకు, రెండు మూడు రకాల గోలీలు వాడినా బీపీ దిగనివాళ్లకు డాక్టర్లు రాస్తారు. "నీళ్ల గోలీ" అంటారు మనవాళ్లు. ఆ పేరుతోనే సగం గలత్‌ఫహమీ మొదలవుతుంది. ఇది మూత్రం ఎక్కువ పోయించడంతో సరిపెట్టుకునే గోలీ అయితే అంత బాధ లేదు. దీని అసలు పని ఒంట్లో ఒక హార్మోన్‌ను అడ్డుకోవడం.

గుర్దాలు, అంటే కిడ్నీల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. అక్కడ తయారయ్యే హార్మోన్ అల్డోస్టెరాన్. 1953లో శాస్త్రవేత్తలు దాన్ని విడదీసి చూపించారు. "ఉప్పు పోనివ్వకు, నీళ్లు పోనివ్వకు, పొటాషియం వదిలెయ్" అని గుర్దాలకు హుకుం ఇవ్వడం దాని పని. దెబ్బ తగిలి రక్తం పోయినప్పుడు, వాంతులు విరేచనాలైనప్పుడు ఈ హుకుమే మనిషిని బతికిస్తుంది. అల్లా పెట్టిన హిఫాజత్ అది.

గుండె బలహీనపడినప్పుడు మాత్రం ఇదే ఉల్టా అవుతుంది. మోటారు దెబ్బతిని కుళాయిలో ధార సన్నబడింది అనుకోండి. ఇంటాయన ట్యాంకులో నీళ్లు లేవనుకుని ఇంకా ఇంకా నింపిస్తున్నాడు. నీళ్లకేం కొదవ లేదు, లోపం మోటారులో ఉంది. గుర్దాలు చేసేదీ అదే. రక్తం తక్కువగా వస్తోంది కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గాయనుకుని రెనిన్ వదులుతాయి, దాన్నుంచి యాంజియోటెన్సిన్, దాన్నుంచి అల్డోస్టెరాన్. ఉప్పూ నీళ్లూ ఒంట్లోనే నిలిచిపోతాయి. పాదాలు వాస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అలసిన గుండె మీద ఇంకా బరువు. దీనికి తోడు ఆ హార్మోన్ గుండె కండరాన్ని కూడా గట్టిపరుస్తుంది. బీపీకి అందరికీ తెలిసిన టెల్మిసార్టన్, లోసార్టన్ ఈ గొలుసులో మధ్య కడియాన్ని పట్టుకుంటాయి. స్పైరనోలాక్టోన్ చివరి కడియాన్ని పట్టుకుంటుంది.

ఈ మందు 1960 నుంచీ బజార్లో ఉంది. కానీ గుండె జబ్బులో దీని ఖదర్ తెలిసింది 1999లో. రేల్స్ అని పిలిచే పరిశోధనలో గుండె తీవ్రంగా బలహీనపడిన 1,663 మందిలో సగం మందికి మామూలు మందులతో పాటు రోజుకు 25 మిల్లీగ్రాములతో ఈ గోలీ మొదలుపెట్టారు, మిగతావాళ్లకు ఉత్తి గోలీ ఇచ్చారు. మందు తిన్నవాళ్లలో చనిపోయే ముప్పు 30 శాతం తగ్గింది. తేడా అంత సాఫ్‌గా కనిపించేసరికి పరిశోధనను అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. కొన్ని రూపాయల బిళ్ల అది. ఆపరేషన్ కాదు, లక్షల ఖర్చు కాదు.

ఆ బిళ్లను మనం ఏటా ఒక నెల అల్మారాలో పెడుతున్నాం.

మా ఖాలూ ఒకాయన యార్డులో ముఠా మేస్త్రీగా పని చేసిన మనిషి. అటాక్ వచ్చి గుండె బలహీనపడ్డాక నీరు తీసే మందూ, ఈ గోలీ కలిపిన మాత్ర రోజూ వేసుకునేవాడు. మందు బాగా పట్టింది, మెట్లు ఎక్కగలిగాడు. రంజాన్ రాగానే మానేశాడు. పొద్దున రోజా. రాత్రి వేసుకుందామంటే తరావీహ్‌లో 20 రకాత్‌ల మధ్య రెండుసార్లు బయటికి పోవాలి, వుజూ మళ్లీ చేసుకోవాలి, సఫ్ దాటాలి. ఆయనకు షరమ్. నేను చూసినంతలో చాలామంది పెద్దవాళ్లు గోలీ మానేది రోజా కోసం కన్నా ఈ తరావీహ్ కోసమే. ఈ మాట ఏ బయాన్‌లోనూ రాదు, ఏ డాక్టర్‌కూ తెలియదు. ఎనిమిది, తొమ్మిది రోజాలు బాగానే గడిచాయి. గోలీ మానిన మర్నాడే ఏమీ కాదు కదా, అదే దీంతో ధోకా. 17వ రోజా రాత్రి పడుకుంటే ఊపిరాడలేదు. కిటికీ దగ్గర కూర్చుని తెల్లారేదాకా మా ఖాలా విసనకర్రతో విసురుతూనే ఉంది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అక్కడి డాక్టర్ కోప్పడ్డాడు, "మానేసేటప్పుడు ఒక్క మాట అడగొద్దా సాయిబు గారూ?" ఖాలూ జవాబు నాకు ఇప్పటికీ యాద్ ఉంది. "మీరు రోజా వద్దంటారని అడగలేదు సార్."

మొత్తం మస్లా ఆ ఒక్క జవాబులో ఉంది. మరీజ్ అనుకుంటాడు, ఈ డాక్టర్‌కు మన దీన్ తెలియదు, అడిగితే వద్దనేస్తాడు, చెప్పకపోతేనే మేలు. డాక్టర్ అనుకుంటాడు, వాళ్ల మతం విషయం, మనమెందుకు కదపడం. ఇద్దరి తహజీబ్ మధ్యలో ఒక మనిషికి ఊపిరి ఆగిపోతోంది.

నిజానికి అడిగితే చాలాసార్లు వద్దనరు. బీపీ అదుపులో ఉండి, ఇంకే తకలీఫ్ లేనివాళ్లు గోలీ వేళ మార్చుకుని రోజా ఉండొచ్చని ఈ సంగతి తెలిసిన డాక్టర్లే చెబుతున్నారు. టెల్మిసార్టన్ రోజుకొకటి వేసుకునే గోలీ, సెహ్రీకైనా ఇఫ్తార్‌కైనా జరుగుతుంది. స్పైరనోలాక్టోన్ కూడా మెల్లగా, ఎక్కువ సేపు పని చేసేదే. తొందరపెట్టేది దాని జతగాడు, ఫ్యూరోసెమైడ్. లాసిక్స్ అనే పేరే ఆరు గంటల పని అన్న అర్థంతో పెట్టారంటారు. ఏది ఏ వేళకు జరపాలో, కలిపిన మాత్రను విడదీసి వేరు వేరు వేళల్లో ఇవ్వాలో లేదో డాక్టర్ తేల్చగలడు. అవసరమైతే డోసు తగ్గించగలడు. కానీ రంజాన్ రేపనగా కాదు. షాబాన్ మొదట్లో వెళితే మార్చి చూసి, రక్తం పరీక్ష చేసి, మళ్లీ చూడటానికి వ్యవధి ఉంటుంది.

గుండె బాగా బలహీనపడినవాళ్లు, ఈమధ్యే ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు, నడిస్తే ఆయాసం వచ్చేవాళ్లు వేరు. వాళ్లకు రోజా ఖత్రా. 2022లో బ్రిటన్ వైద్యులు 'హార్ట్' అనే పత్రికలో గుండె జబ్బులున్నవాళ్ల రోజాల మీద సలహాలు ప్రచురించారు. హాలత్‌ను బట్టి ముప్పును తరగతులుగా విడదీశారు. ఎవరికి ఫరవాలేదో, ఎవరికి వద్దో, ఎవరు ఆలోచించుకోవాలో వేరు వేరుగా చెప్పారు. అందరికీ ఒకే ఫత్వా ఇవ్వలేదు. మన ఫిఖహ్ కూడా అలాగే ఉంది చూడండి. సూరె బఖరాలో 184, 185 ఆయత్‌లు బీమార్ ఉన్నవాడికి రుఖ్సత్ ఇస్తాయి. తర్వాత కోలుకునేవాడైతే ఖజా, కోలుకునే ఉమీద్ లేకపోతే ఫిద్యా, రోజాకొక మిస్కీన్‌కు భోజనం. చలికాలంలో పగలు చిన్నది, ఎండ లేదు, యార్డులో సీజన్ లేదు. ఖజా అప్పుడు పెట్టుకోవచ్చు. బీమారీ పెరుగుతుందా లేదా తేల్చడానికి తెలిసిన తబీబ్ మాట తీసుకోమని ఫుకహా రాసిపెట్టారు. అంటే డాక్టర్‌ను అడగడం దీన్‌లో కమీ కాదు, దీన్‌లో భాగమే. రుఖ్సత్ వాడుకోవడానికి సిగ్గుపడటం ఎక్కడ నేర్చుకున్నామో నాకు అర్థం కాదు. ముఖ్యంగా ఆడవాళ్లు. ఇంటిల్లిపాదికీ సెహ్రీ వండి, ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడి, "మై అచ్ఛీచ్ హూఁ" అనే అమ్మీలను నేను చాలామందిని చూశాను.

ఇంతవరకూ చదివి, సరే గోలీ మానకుండా వేసుకుంటే చాలు కదా అనుకుంటే అక్కడ రెండో సగం ఉంది. దాని గురించి ఇంకా తక్కువ మాట్లాడతారు.

అల్డోస్టెరాన్ పొటాషియంను బయటికి పంపుతుందని చెప్పాను కదా. దాన్ని అడ్డుకుంటే పొటాషియం ఒంట్లో నిలుస్తుంది. రక్తంలో అది సుమారు 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. బాగా పెరిగితే కాళ్లలో బలం పోతుంది, గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. ముందుగా ఏ నిషానీ లేకుండానే ఇదంతా జరగొచ్చు. 1999 పరిశోధన వచ్చాక కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లు ఈ గోలీని ఉత్సాహంగా రాసేశారు. గుండె బలహీనపడి ఆస్పత్రికి వచ్చిన పెద్దవాళ్లలో 1994లో వెయ్యికి 34 ఉన్న చీటీలు 2001కి 149 అయ్యాయి. పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు వెయ్యికి 2.4 నుంచి 11కు పెరిగారు. మందు చెడ్డదై కాదు. పరిశోధనలో జాగ్రత్తగా ఎంపిక చేసి, పదే పదే రక్తం పరీక్షించి ఇచ్చిన మందును బయట పరీక్ష లేకుండా, గుర్దాలు ఎలా ఉన్నాయో చూడకుండా ఇచ్చినందుకు. ఒంటారియోలోనే అలా అయితే, చీటీ లేకుండా కౌంటర్ మీద స్ట్రిప్ కోసిచ్చే మన దగ్గర హిసాబ్ ఎవరు రాస్తారు?

మొదలుపెట్టిన వారంలో ఒకసారి, నెలకు ఒకసారి, ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. మన ఊళ్లలో బీపీ కొలిచేవాళ్లు ఇప్పుడున్నారు. 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైనప్పుడు నెలకు రెండుసార్లు డాక్టర్ ఊరికే వస్తాడన్నారు. మంచి ఆలోచన, పార్టీలు మారినా ఆగకూడని ఆలోచన. కానీ బీపీ పట్టీ చేతికి చుడితే పొటాషియం తెలియదు. దానికి ల్యాబు కావాలి, ల్యాబుకు బస్సు కావాలి, బస్సెక్కితే ఆ రోజు కూలీ పోతుంది. గోలీ చవక, పరీక్ష ఖర్చు. ఈ లెక్కలో పేదవాడు పరీక్షను వదిలేస్తాడు, మీరైనా నేనైనా అదే చేస్తాం.

మన గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టర్ గోపాలకృష్ణ గోఖలే బృందం 2016లో గుండె మార్పిడి చేసింది. సర్కారీ దవాఖానాలో, పేదవాడికి. ఆ రోజు జర్నలిస్టుగా నాకూ ఫఖర్ అనిపించింది. మంగళగిరిలో ఎయిమ్స్‌ను 2024 ఫిబ్రవరిలో ప్రధాని జాతికి అంకితం చేశారు. కొత్త గుండె పెట్టగల చోట, పాత గుండెను నిలబెట్టే గోలీకి తోడుగా ఒక్క రక్తం పరీక్ష ఊరి దగ్గర దొరకకపోవడం నాకు మింగుడుపడదు. 104 బండిలో రక్తం తీసి జిల్లా ల్యాబుకు పంపి, ఫలితం ఫోన్‌కు పంపడం గుండె మార్పిడి కన్నా కష్టమా?

ఇక మన దస్తర్‌ఖాన్. ఇఫ్తార్‌లో ఖజూర్, అరటిపండు, పళ్లరసం, ఎండాకాలం కదా అని కొబ్బరినీళ్లు. అన్నీ నేమతులే, అన్నిట్లో పొటాషియం ఎక్కువే. ఒక అరటిపండులో 400 మిల్లీగ్రాముల పైన, గ్లాసుడు కొబ్బరినీళ్లలో దాదాపు 600. మామూలు మనిషికి దీంతో మేలే. ఈ గోలీ వేసుకుంటూ, పగలంతా నీళ్లు లేక గుర్దాలు నలిగిన మనిషి మగ్రిబ్ కాగానే రెండు బోండాలు తాగితే వేరే సంగతి. ఒక ఖజూర్‌తో రోజా విప్పితే ఏమీ కాదు, ప్లేటు ఖాళీ చేయొద్దంటున్నాను. "సోడియం తక్కువ" అని అమ్మే ఉప్పు సంగతీ ఇంతే. అందులో కొంత ఉప్పు బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఉప్పు మంచిదని చెబుతూనే గుర్దాలు బాగోలేనివాళ్లను మినహాయించింది. ఈ గోలీ వాడేవాళ్లు కూడా అడగకుండా కొనకూడదు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. గుంటూరోళ్లకు బీపీ అంటే "కారం తగ్గించు" అంటారు. పాపం మిరపకాయకు ఏ గునా లేదు. బీపీ పెంచేది కారం పక్కన దాక్కున్న ఉప్పు. ఆవకాయలో, అప్పడంలో, ఇఫ్తార్ సమోసాలో, బజ్జీలో. కారం మానేశానని ఖుష్ అయ్యి అచార్ బద్ద నాకేవాళ్లు మన దగ్గర బోలెడు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఒళ్లునొప్పుల బిళ్లలంటే. రోజంతా టిక్కీలు మోసినవాడికి, వంగి కోతలు కోసినామెకు రాత్రికి ఒళ్లు సలుపుతుంది. ఆర్‌ఎంపీ దగ్గరో, షాపులోనో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటిది రెండు బిళ్లలు. టెల్మిసార్టన్ లాంటి గోలీ, నీరు తీసే మందు, పైన ఈ నొప్పి బిళ్ల, మూడూ కలిస్తే గుర్దాల మీద ఒకేసారి మూడు దెబ్బలు. దానికి ఎండ, ప్యాస్ తోడైతే ఇక చెప్పేదేముంది. గుర్దా నీరసిస్తే పొటాషియం పేరుకుంటుంది. రోజా ఉన్నా లేకపోయినా ఈ మేళవింపు మిర్చి కోతల్లో ప్రతి ఊళ్లో నడుస్తోంది. నొప్పికి ఏం వాడొచ్చో కూడా డాక్టర్‌నే అడగాలి, గుండె గోలీల చీటీ చూపించి మరీ.

మగవాళ్లు పైకి చెప్పని ఇంకో సంగతి. స్పైరనోలాక్టోన్ అల్డోస్టెరాన్‌తో పాటు మగ హార్మోన్‌కూ కొంచెం అడ్డం వస్తుంది. 1999 పరిశోధనలో మందు తిన్న మగవాళ్లలో 10 శాతం మందికి రొమ్ములు పెరగడమో, నొప్పి పెట్టడమో జరిగింది. చొక్కా విప్పి పని చేసే హమాలీకి ఇది ఎంత జిల్లతో ఆలోచించండి. ఎవరికీ చెప్పడు, చప్పుడు లేకుండా గోలీ మానేస్తాడు. డాక్టర్‌కు చెబితే ఎప్లెరినాన్ అనే ఇంకో గోలీకి మార్చొచ్చు. అందులో ఈ తకలీఫ్ చాలా తక్కువ, ఖరీదు కొంచెం ఎక్కువ. సిగ్గు పడాల్సింది అతను కాదు, ముందే చెప్పని మనం. అలాగే పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఈ గోలీ గురించీ, సార్టన్ల గురించీ వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. కడుపులో బిడ్డకు నుఖ్సాన్.

నేను రోజాలు వద్దని రాస్తున్నానని కొందరంటారు, అది నాకు కొత్త కాదు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు దీన్ చెప్పేవాళ్లూ ఉన్నారు, తెలుగులో రాస్తున్నందుకు కౌమ్ నుంచి బయటికి పోయావనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నాది ఒకటే అర్జ్. ఇమామ్ సాబ్‌లు షాబాన్‌లో ఒక్క జుమా బయాన్ దీనికి ఇవ్వండి. రోజా ఫజీలత్ చెప్పినంత సేపు కాదు, పది నిమిషాలు. మస్జిద్ కమిటీలు తరావీహ్‌లో వెనక సఫ్‌లో తలుపు పక్కన కొన్ని కుర్చీలు వేసి, అవి నీళ్ల గోలీలు వాడే బుజుర్గులకని మైకులో చెప్పండి. మా ఖాలూలాంటివాళ్లకు ఆ కుర్చీ దొరికితే చాలు.

ఇంకొకటి మరీ సులువు. రంజాన్ ముందు ప్రతి మొహల్లాలో సెహ్రీ–ఇఫ్తార్ టైమ్ టేబుల్ కార్డులు పంచుతారు. అందులో ప్రకటనలిచ్చేవాళ్లలో మెడికల్ షాపులవాళ్లూ ఉంటారు. కార్డు వెనకవైపు బిర్యానీ పాయింట్ ఫోటో కింద నాలుగు లైన్ల జగా ఎప్పుడూ మిగులుతుంది. అక్కడ వేయించండి: గుండె, బీపీ గోలీలు మీకు మీరే మానొద్దు. రోజాలకు ముందే చీటీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి రంజాన్ అని చెప్పండి. పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష అడగండి. ఆయాసం వస్తే, కాళ్లు వాస్తే, కళ్లు తిరిగితే రోజా విప్పి దవాఖానాకు పోండి, ఖజా తర్వాత ఉంటుంది. ప్రింటింగ్‌కు పోయే ముందు ప్రూఫ్ నాకు పంపితే తెలుగూ ఉర్దూ రెండూ నేనే చూసి పెడతాను, ఫీజు ఏమీ లేదు.